వలస వెళ్లే ముందు: పిల్లల పేరు కార్డులో ఉందా?

తల్లిదండ్రులకు, మనవలను చూసుకుంటున్న తాతలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

చదవడం రానివారు ఈ లేఖను మీ పిల్లల చేతే చదివించుకోండి. ఒత్తులు మింగేస్తే ఆపి మళ్లీ చదివించండి. మా తెలుగు ఉపాధ్యాయునికి సగం పని తగ్గుతుంది.

పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈసారి నేను రాయదలచింది రేషన్ కార్డు గురించి. బడికీ రేషన్ కార్డుకూ ఏమిటి సంబంధం అనకండి. నేను మాట్లాడుతున్నది బియ్యం గురించి కాదు, వైద్యం గురించి.

ఆరోగ్యశ్రీ పేరు వినని ఇల్లు మన పాలమూరులో ఉండదు. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగిలిన రెండు అనంతపురం, శ్రీకాకుళం. వెనకబడిన జిల్లా అన్న ముద్ర వల్ల మనకు ముందుగా దక్కిన మంచి ఇదొక్కటేనేమో. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స ఈ పథకం కింద ఉచితం. అది పిల్లవాడికి ఇంత, పెద్దవారికి ఇంత అన్న లెక్క కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే మొత్తం. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లల శస్త్రచికిత్స, క్యాన్సర్, మూత్రపిండాల జబ్బులు, పెద్ద కాలిన గాయాలు ఇందులోకి వస్తాయి. జలుబు చేసిందని ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుంటే అది రాదు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది.

మన ఊళ్లలో ఎక్కువ మంది రేషన్ కార్డు, అంటే ఆహార భద్రత కార్డు మీదే ఈ వైద్యం పొందుతున్నారు. చిక్కు అక్కడే వస్తోంది. ఇంట్లో కార్డు ఉంటుంది, అందులో పిల్లవాడి పేరు ఉండదు. ఎందుకు ఉండదో చెబుతాను. పెళ్లయ్యాక కూడా తల్లి పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది. తండ్రి పేరు తాతగారి కార్డులో ఉంటుంది. కొత్త కార్డులు చాలా ఏళ్లు ఇవ్వలేదు కాబట్టి ఆ జంట పేరు మీద వేరే కార్డు పుట్టలేదు. పుట్టిన బిడ్డ మాత్రం ఏ కార్డులోనూ లేకుండా ఆరో తరగతికి వచ్చేశాడు! అమ్మకు ఒక కార్డు, నాన్నకు ఒక కార్డు, బిడ్డకు ఏదీ లేదు. 2025లో కొత్త కార్డులు ఇవ్వడం, ఉన్న కార్డుల్లో పేర్లు చేర్చడం మొదలయ్యాయి. అయినా దరఖాస్తు చేయనివారు ఇంకా ఉన్నారు. "అవసరం వచ్చినప్పుడు చూద్దాం" అంటున్నారు. అవసరం వచ్చే రోజున మీరు ఆసుపత్రి వరండాలో ఉంటారు. మీసేవ కేంద్రం ముందు నిలబడే తీరిక మీకు ఆ రోజు ఉండదు.

పేరు చేర్చడానికి పిల్లవాడి ఆధార్, జనన ధ్రువపత్రం తీసుకుని మీసేవకు వెళ్లండి. తల్లి పేరు పుట్టింటి కార్డులో ఉంటే ముందు అక్కడ తీయించాలి. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు ఉంటే నా దగ్గరికి రండి. ముద్దుపేరుతో ఆధార్ తీయించిన ఇళ్లు మన తండాల్లోనూ ఊళ్లోనూ తక్కువేమీ కాదు. పిల్లవాడు మా బడిలో చదువుతున్నట్టు చెప్పే బోనఫైడ్ పత్రం అదే రోజు ఇస్తాం, రుసుము లేదు. ఇంకొక సంగతి: ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ పిల్లలకు ఆ వయసు వచ్చేసింది.

ఇక వలస సంగతి. దసరా దాటగానే మీలో చాలామంది కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదుకో, పుణెకో, ముంబయికో బయలుదేరతారు. పిల్లలను ఇక్కడ వదిలి వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. వాళ్ల బడి ఆగకూడదనే కదా మీరు వదిలివెళ్లేది. అయితే ఆధార్‌లు, రేషన్ కార్డు అన్నీ ఒక సంచిలో పెట్టి మీ వెంట తీసుకుపోతున్నారు. రాత్రిపూట పిల్లవాడికి ప్రాణం మీదికి వస్తే నానమ్మ దగ్గర ఏముంటుంది? కార్డు జిరాక్సు, పిల్లవాడి ఆధార్ జిరాక్సు, మీ ఫోను నంబరు ఆమె దగ్గర పెట్టి వెళ్లండి. ఇంకొక ప్రతి బడిలో ఇవ్వండి, నా గది బీరువాలో ఉంచుతాను. పెద్ద శస్త్రచికిత్సకు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు కాబట్టి ఆ నంబరు నిజంగా మీరు ఎత్తేదై ఉండాలి. నెలకో సిమ్ము మార్చేవారితో నాకున్న గొడవ మీకు తెలుసు.

అత్యవసరమైతే 108కి ఫోను చేయండి. ఆరోగ్యశ్రీలో చేరిన ఆసుపత్రి ఏదన్నది 104కి ఫోను చేసి అడగవచ్చు. అటువంటి ప్రతి ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. కౌంటరులో డబ్బు కట్టే ముందు ఆ మనిషిని వెతకండి. "ముందు అడ్వాన్సు కట్టండి, తరువాత చూద్దాం" అని ఎవరైనా అంటే ఆరోగ్యమిత్రతో మాట్లాడకుండా నగలు తాకట్టు పెట్టకండి. సొంత జిల్లాలోనే చేర్చాలన్న నియమం లేదు, హైదరాబాదులోనూ చెల్లుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చి పిల్లలను పరీక్షిస్తారని మీకు తెలుసు. 2013 నుంచి ఇది నడుస్తోంది. పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలందరినీ చూస్తారు. అనుమానం ఉంటే పెద్ద ఆసుపత్రికి చీటీ రాస్తారు. ఆ చీటీలు పుస్తకాల అట్టల కిందా, పరుపు కిందా మడతలు పడి ఉంటున్నాయి. పరుగెత్తితే ఆయాసపడే పిల్ల, పెదవులు, గోళ్లు నీలంగా మారే పిల్లవాడు, చెవిలో చీము ఆగనివారు, బోర్డు కనబడక ముందు బెంచీకి జరిగేవారు మీ ఇంట్లో ఉంటే చీటీ కోసం ఎదురుచూడకుండా నాకు చెప్పండి.

సెలవులకు ముందు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు బడిలో కూర్చుందాం. ఉన్న కాగితాలన్నీ తీసుకురండి, ఏ కార్డులో ఎవరి పేరుందో ఒక్కొక్కటిగా చూద్దాం. తండ్రులు పనిలో ఉంటే నానమ్మలు రండి. జిరాక్సు ఖర్చు బడిదే.

ప్రధానోపాధ్యాయురాలు