21 అని చెప్పి 17.3 ఎందుకు పరిగెత్తించానంటే

2025 నవంబరు 9 ఆదివారం కోటగుళ్ళ నుంచి రామప్ప దాకా మాతో పరిగెత్తిన 38 మందికీ, ఆ రోజు రాకపోయినా గ్రూపులో గొడవంతా చదివిన మిగతా పాతవాళ్ళకీ ఇది రాస్తున్నాను. వాట్సాప్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క జవాబిచ్చి విషయాన్ని నేనే ఇంకా చెడగొట్టాను, అందుకని మొత్తం ఒకేచోట చెప్పేస్తున్నా.

21 కిలోమీటర్లని డబ్బు తీసుకుని 17.3 పరిగెత్తించాను. చెరువుకట్ట చివర మంచినీళ్ళు పెడతానని పెట్టలేదు. రెండూ నిజమే. మొదటిది తెలిసే చేశాను, మళ్ళీ అలాంటి తెల్లవారుజామే వస్తే మళ్ళీ అదే చేస్తాను. రెండోది నా తప్పు కాదని చెప్పుకోవచ్చు గానీ, ఆ నీళ్ళ ప్లాంటు మనిషిని నమ్మింది నేనే కదా.

కొత్తవాళ్ళ కోసం దారి సంగతి క్లుప్తంగా. గణపురంలో పాత మట్టికోట గోడల మధ్య చిన్నాపెద్దా 22 గుళ్ళున్నాయి, వాటినే కోటగుళ్ళంటారు. అక్కడ మొదలుపెట్టి పొలాల బాటలు పట్టుకుని పాలంపేట, అక్కణ్ణుంచి రామప్ప చెరువుకట్ట, కట్ట దాటాక టేకు, మద్ది, తునికి చెట్ల మధ్య అడవి అంచున ఒక పెద్ద చుట్టు, మళ్ళీ వెనక్కి వచ్చి గుడి దగ్గర ముగింపు. ఆ అడవి చుట్టే ఈ పరుగుకి ప్రాణం, దాని కోసమే ఉప్పల్‌లో అర్ధరాత్రి బస్సెక్కి వస్తారని నాకు తెలుసు. ఆ రోజు నేను కోసేసింది సరిగ్గా దాన్నే.

ఆ చుట్టులోకి వెళ్ళాలంటే ఒక లోలెవల్ కల్వర్టు దాటాలి. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకి హనుమకొండలో కాలనీలే మునిగాయి, ఇక వాగుల సంగతి చెప్పక్కర్లేదు. అయినా శుక్రవారం సాయంత్రం వెళ్ళి చూస్తే కల్వర్టు మీద చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి, ఆదివారానికి పూర్తిగా తగ్గిపోతాయనుకున్నా. శనివారం రాత్రి ఎగువన ఎక్కడో మళ్ళీ పడింది. ఆదివారం తెల్లవారుజామున నాలుగూ యాభైకి టార్చి పట్టుకుని, చేతికర్రతో దిగితే మోకాలి దాకా వచ్చాయి. మోకాలి లోతుకి భయమేంటనుకోవచ్చు. నాలుగడుగులు వేశాక కర్ర నీళ్ళలో పెడితే అది నిలబడలేదు, పక్కకి లాక్కుపోయింది. కల్వర్టు అంచున సున్నం కొట్టిన రాళ్ళుంటాయి కదా, మీరంతా ఫొటోలు దిగేవి, ఒక్కటీ కనపడలేదు. అంచు ఎక్కడుందో తెలియని చోటికి జనాన్ని ఎలా పంపాలి?

"ట్రాక్టర్లు పోతనే ఉన్నయ్ సార్, ఏం గాదు" అన్నాడు అక్కడి రైతు. నిజమే, మేముండగానే ఒకటి దాటింది. మా బామ్మర్ది అయితే, "బావా, ట్రాలీలో పది మంది చొప్పున అవతలికి దించుదాం, జనం సరదాపడతారు" అన్నాడు. ఒప్పుకోవాలి, రెండు నిమిషాలు ఆ మాటకి పడిపోయాను కూడా. వీడియోలు బాగా వస్తాయని కూడా అనుకున్నా, సిగ్గుగా ఉంది గానీ అనుకున్నా. తర్వాత, వాళ్ళు తిరిగొచ్చే వేళకి నీళ్ళు ఇంకో జానెడు పెరిగితే ఏం చేస్తామని అడిగాను. బామ్మర్ది మాట్లాడలేదు.

రెండో దారి ఒకటుంది, గ్రూపులో చాలామంది అడిగింది అదే: "ఆ నాలుగు కిలోమీటర్లు తారు రోడ్డు మీద అటూ ఇటూ తిప్పితే లెక్క సరిపోయేది కదా అన్నా?" సరిపోయేది. వాచీల్లో హాఫ్ మారథాన్ కొలత 21.1 పడేది, ఈ గొడవే ఉండేది కాదు. కానీ ఆ వారం రోడ్డు చూశారా మీరు? సగం రోడ్డు వడ్లే. కోసిన పంట తుపాన్లో తడిసిపోతే, కాస్త ఎండ తగిలితే చాలని రోడ్డు మీద ఆరబోసుకున్నారు. పక్కన పరదాలు, అడ్డంగా రాళ్ళు. ఆ వడ్ల మీద రంగురంగుల షూలతో, 38 మందిలో 21కి కట్టిన 26 మందిని (మిగతావాళ్ళది 10 కిలోమీటర్లు) లెక్క కోసం అటోసారి ఇటోసారి పరిగెత్తించాలా? మిగిలిన సగం రోడ్డులో కోత మిషన్లు, ట్రాక్టర్లు. నా వల్ల కాలేదు. ఇది మంచితనమనండి, మొండితనమనండి, మా ఆవిడ రెండోదే అంటోంది.

అలా కల్వర్టు ముందే వెనక్కి తిప్పేయాలని ఐదుంబావుకి తేల్చుకున్నా. అక్కడిదాకా నా మీద నాకేం ఫిర్యాదు లేదు. తప్పు ఆ తర్వాత చేశాను. కోటగుళ్ళ దగ్గర మైకు పట్టుకుని "దారిలో చిన్న మార్పు ఉంది, వాలంటీర్లు చూపిస్తారు" అని వదిలేశాను. దాదాపు నాలుగు కిలోమీటర్లు తగ్గుతుందని చెప్పలేదు. చెబితే అక్కడికక్కడే నలుగురు మొహం మాడ్చుకుంటారని, పొద్దున్నే ఆ టెన్షన్ ఎందుకని భయపడ్డాను. నిజం చెప్పాల్సిన చోట నోరు కట్టేసుకున్నా. ముగింపు దగ్గర మీ వాచీలు చెప్పేశాయి. ఇందుకు మాత్రం బేషరతుగా క్షమించమని అడుగుతున్నాను.

కానీ "21 డబ్బులు తీసుకుని 17తో సరిపెట్టాడు, చీటింగ్" అని రాసిన తమ్ముడూ, ఆ మాట రెండు రాత్రులు నిద్రపట్టనివ్వలేదు. మూడేళ్ళుగా నువ్వు తిన్న అరటిపళ్ళు లెక్కపెట్టలేదు నేను. సరే, వదిలేయ్.

ఇక నీళ్ళు. మూడేళ్ళుగా ఒకే ప్లాంటు నుంచి తెప్పిస్తున్నాం, ఇరవై లీటర్ల క్యాన్లు, ఒక్కసారి కూడా బేరమాడలేదు. ఆదివారం నాలుగింటికి ఆటో కట్ట మీద ఉండాలి. శనివారం రాత్రి ఫోన్ చేస్తే "నాలుగు గొట్టేసరికి ఉంటయన్నా, నువ్వు పండుకో" అన్నాడు. నాలుగున్నరకి ఫోన్ ఎత్తలేదు. ఐదున్నరకి ఎత్తి, పెళ్ళి ఆర్డరు పడిందన్నా, ఆటో అటు పోయింది అన్నాడు. నెలాఖరు నుంచి మూఢం కదా, ముహూర్తాలన్నీ ఈ రెండు మూడు వారాల్లోనే కుక్కారు, ఆ సంగతి నాకూ తెలుసు. తెలియనిదల్లా, పది క్యాన్ల వాడికంటే రెండొందల క్యాన్ల వాడు ముఖ్యమైతే ఆ మాట ముందు రోజే చెప్పడానికేం అడ్డొచ్చిందన్నది. చెప్పి ఉంటే వేరే చోట చూసుకునేవాణ్ణి. మర్నాడు ఫోన్ చేసి వచ్చేసారి సగం రేటుకే ఇస్తానన్నాడు. వద్దన్నాను. కొత్త ప్లాంటు క్యానుకి పది రూపాయలు ఎక్కువ అడుగుతోంది, ఇంట్లో దీని మీద రోజూ ఒక క్లాసు నడుస్తోంది. అయినా వద్దు.

ఆ రోజు కట్ట దగ్గర మీరు తాగిన నీళ్ళు ఒక పెద్దమ్మ ఇంటి బోరువి. మూడు బిందెలు అరుగు మీద పెట్టి, స్టీలు చెంబిచ్చి, ఎత్తి తాగమంది. గ్లాసులు లేవని కొందరు విసుక్కున్నారట. డబ్బిస్తే తీసుకుంది, తీసుకుని మంచిగా తిట్టింది కూడా: "తొక్కలంటే మా బర్లు తింటయి, గీ పలాస్టిక్ తిని సస్తే ఎవలు బాధ్యులు?" అని మీ ఎనర్జీ జెల్ కవర్లు తొమ్మిది ఏరి నా చేతిలో పెట్టింది. ఇక నుంచి జెల్ కవర్లు ఎన్ని తెచ్చారో అన్నీ ముగింపు దగ్గర చూపించాలి. లెక్క తప్పితే వచ్చేసారి రానివ్వను, పాతవాళ్ళైనా సరే.

గుడిలో విషయం ఒకటి. పరుగవగానే చెమట చేతులతో శిల్పాలు తడుముతున్నారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినప్పటి నల్లరాతి మెరుపు ఆ మదనికల (నాట్యగత్తెల శిల్పాల) మీద ఇంకా చెక్కుచెదరలేదు, యునెస్కో 2021లో ఊరికే గుర్తించలేదు. దూరంగా నిలబడి చూడండి చాలు. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక ఉంది కదా, పదివేల రూపాయల షూల గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళు ముందు ఆమెని చూసి రండి.

ఇకముందు ఇలా. 21 అనే అంకెని మా పరుగు పేరులోంచి తీసేస్తున్నాను. వాగు, అడవి, వరికోతలు ఎంత దూరం ఒప్పుకుంటే అంత, ఎంతన్నది ఆ తెల్లవారుజామున మైకులో ఖచ్చితంగా చెబుతా, నచ్చనివాళ్ళకి అక్కడే డబ్బు వాపసు, తిరుగు బస్సు మాత్రం అందరితోపాటే. సరిగ్గా 21.1 పడి తీరాలంటే నెక్లెస్ రోడ్డు ఉంది, బాగుంటుంది, వెళ్ళిరండి. నీళ్ళు ఇక శనివారం రాత్రే మా వ్యాన్లో ఎక్కి నా ఇంటి ముందు ఉంటాయి. డిసెంబరు 14న మళ్ళీ ఇదే దారి, వరికోతలు అప్పటికి ముగుస్తాయి. జనవరిలో మాత్రం రామప్ప వద్దు. 28 నుంచి మేడారం జాతర, నెల ముందు నుంచే ములుగు రోడ్డు నిండిపోతుంది, మన బస్సు కదలదు. అందుకని ఆ నెల పాకాల వెళ్దాం, అదీ కాకతీయుల చెరువే, చుట్టూ అడవే.

21కి కట్టిన 26 మందికీ 10 కిలోమీటర్ల రేటుతో ఉన్న తేడా 400 చొప్పున నిన్న రాత్రి ఫోన్‌పేలో వేశాను. వద్దన్న ఇద్దరికి కూడా వేసేశా. దయచేసి తిరిగి పంపకండి, మళ్ళీ వేస్తాను.