అండమాన్ ప్యాకేజీల్లో ఒక్క రోజుకి ఇన్ని దీవులెందుకు?

ఎడిటర్ గారికి,

సెలవులొస్తే చాలు, మన విజయవాడ, గుంటూరు ట్రావెల్స్ వాళ్లు అండమాన్ ప్యాకేజీలు మొదలుపెడతారు. అందులో ఒక రోజు బోటు ట్రిప్పు ఉంటుంది. రాస్ ఐలాండ్, నార్త్ బే, కుదిరితే ఇంకో దీవి కూడా, అన్నీ పొద్దున్నుంచి సాయంత్రంలోపే. నా బాధంతా ఈ హడావిడి గురించే.

అక్కడా మన టైమే, కానీ ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉండటం వల్ల పొద్దు తొందరగా వాలిపోతుంది, డిసెంబర్‌లో అయితే ఐదింటికే సూర్యాస్తమయం. ఈ సంగతి మేం వెళ్లినప్పుడు ట్రావెల్స్ వాళ్లు చెప్పలేదు. హోటల్లో టిఫిన్ దగ్గరే ఆలస్యం చేసి, తర్వాత రోజంతా పరుగులు పెట్టించారు. రాస్ ఐలాండ్ అంటే ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు అండమాన్‌ని పాలించిన చోటు, ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పాత చర్చి గోడల్ని చెట్ల వేళ్లు ఎలా చుట్టేశాయో, జింకలు మనుషుల మధ్యే ఎలా తిరుగుతాయో నింపాదిగా చూడాలంటే ఒక పూట పడుతుంది. మాకు దొరికింది ఫొటోలకి సరిపడా టైమే. తిరిగొచ్చేటప్పుడు జెట్టీ దగ్గర అందరూ ఒకేసారి తోసుకున్నారు. చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగితే లేదన్నారు, పెద్దవాళ్లది వేస్తే మా అక్క కూతురికి చెవుల దాకా వచ్చింది. నీళ్లలో పడితే అలాంటి జాకెట్ తలమీదుగా ఊడిపోతుంది. "పది నిమిషాల దారేగా మేడమ్" అని బోటు తీసేశారు.

2014 జనవరి 26న ఆ రాస్ ఐలాండ్, నార్త్ బే మధ్యలోనే, పరిమితికి మించి ఎక్కించుకున్న బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. అంత దూరం ఎందుకు, 2017 నవంబర్ 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, మన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడింది. దానికి అనుమతి కూడా లేదు. అప్పుడూ ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువ మంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లే. రెండూ సెలవు రోజులే, రెండూ మధ్యాహ్నం దాటాక జరిగినవే. జనం ఎక్కువ, టైమ్ తక్కువ అయినప్పుడు బోటువాళ్లూ లెక్క చూసుకోరు, మనమూ అడగం.

వెళ్లొద్దని నేననను, ఆ నీళ్ల రంగు ఒక్కసారైనా చూసి తీరాల్సిందే. ట్రావెల్స్ వాళ్లని మాత్రం గట్టిగా అడగండి, రోజుకి ఒకటే దీవి పెట్టమనండి, పొద్దున్నే మొదటి బోటు ఎక్కించమనండి. పిల్లలుంటే వాళ్ల బరువు ముందే చెప్పి సరిపడే జాకెట్లు ఉంటాయో లేదో కనుక్కోండి, బోటు కదలకముందే బెల్టులన్నీ బిగించండి. జాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది.

మీ పేపర్లో టూర్ల గురించి రాసేటప్పుడు ధర, హోటల్‌తో పాటు ఏ దీవి నుంచి ఆఖరి బోటు ఎన్నింటికో కూడా వేయండి. ఇక్కడ భవానీ ఐలాండ్‌కి వెళ్లే ప్రతి బోటు మీదా ఎంతమంది ఎక్కొచ్చో తెలుగులో, ఒడ్డు నుంచే కనపడేంత పెద్ద అక్షరాలతో రాయించమని టూరిజం అధికారులని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ