గోల్ కొట్టాక వెనక్కెందుకు? ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడికి బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుల వారికి నమస్కారం.

2025 అక్టోబర్ 14న మడ్గావ్‌లో సింగపూర్‌తో ఆడిన మ్యాచ్ ఇంకా కళ్లముందే ఉంది. 14వ నిమిషంలో మన ఫార్వర్డ్ ఛాంగ్తే గోల్ కొట్టగానే నేను కుర్చీలోంచి లేచి అరిచాను. 44వ నిమిషంలో ఒకటి, 58లో మరొకటి తిన్నాం. 1-2తో ఓడాం, ఆసియా కప్ ఆశ పోయింది.

2024 మార్చిలో గువాహటిలోనూ అంతే. కెప్టెన్ సునీల్ ఛెత్రీ పెనాల్టీతో ముందున్నాం, 70వ నిమిషం నుంచి అఫ్గానిస్థాన్ రెండు కొట్టింది.

ఆధిక్యం రాగానే మనవాళ్లు మన గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ దాకా వెనక్కి జరుగుతున్నారు. బంతి దొరికితే గాల్లోకి దూరంగా కొట్టేస్తున్నారు. అందుకోవడానికి ముందు ఒక్కడే ఉంటాడు. ఐదు సెకన్లలో బంతి మళ్లీ మన మీదికే వస్తుంది. ఇంక టెన్షన్ మనకే.

మా హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఏం చేశారో చూడండి. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై ఆయనే ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. అంత ధైర్యం ఇప్పుడేదీ?

రిటైరైన ఛెత్రీని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలిచాం. ఎందుకంటే క్లబ్బులు గోల్ కొట్టే స్థానాన్ని ఎక్కువగా విదేశీయులకే ఇస్తున్నాయి. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ప్రతి జట్టూ ఒక భారతీయ స్ట్రయికర్‌ను మొదటి నిమిషం నుంచి ఆడించాలని నియమం పెట్టండి, దయచేసి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక అభిమాని