అడగడం నేర్పినవాళ్లకు

విశాఖ రుషికొండలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వారమంతా పనిచేసి, ఆదివారం పొద్దున్నే మా పదిమందికి ప్రోగ్రామింగ్ నేర్పడానికి మద్దిలపాలెం వచ్చిన అన్నయ్యలకు, అక్కలకు. పన్నెండు వారాలు మేడమీది గది అద్దె లేకుండా ఇచ్చిన మాస్టారికి. పదకొండింటికల్లా అల్లం టీ పంపిన పిన్నిగారికి అందరి తరఫునా కృతజ్ఞతలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవచ్చు గానీ, అక్కడ గొంతెత్తకూడదు. ఇక్కడ జరిగిన పనిలో సగం మాట్లాడుకోవడమే.

పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష), గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే సాధనం), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి గురించి రాయడం లేదు. ఫీజు కట్టి చేరిన కోర్సుల్లో కూడా ఎవరూ చెప్పనివి మీరు కొన్ని చెప్పారు. వాటిని వివరంగా రాసిపెడితే మా తరవాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి.

ముందు సాయం అడిగే పద్ధతి. "అన్నా, ప్రోగ్రాం రావట్లేదు" అని వాట్సాప్‌లో స్క్రీన్ ఫొటో పడేస్తే చూసినవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఫొటోలోని కోడ్‌ను నడిపి చూడలేరు కదా. మీ లెక్క ఇదీ: అరగంట సొంతంగా కుస్తీ పట్టాలి, అరగంట దాటితే మొహమాటం లేకుండా అడగాలి. ఆ సందేశంలో ఏం చేశామో, ఏం వస్తుందనుకున్నామో, ఏం వచ్చిందో, అప్పటికే ఏమేం చేసి చూశామో నాలుగూ ఉండాలి. ఎర్రర్‌ను మొత్తం అక్షరాలుగా అతికించాలి. పైథాన్ ఎర్రర్‌ను కిందనుంచి చదవాలి. ఏం తప్పు జరిగిందో చివరి వరసలో ఉంటుంది, పై వరసలు అక్కడిదాకా ఏ దారిన వచ్చామో చెబుతాయి. రెండొందల వరసల కోడ్ పంపకూడదు. తప్పు పోకుండా ఉన్నంతవరకు కోసుకుంటూ పోయి, పది పదిహేను వరసలకు తేవాలి.

ఉదాహరణకు, ఎక్సెల్‌లోంచి తీసిన సీఎస్‌వీ (పట్టికను మామూలు అక్షరాలుగా దాచే) ఫైల్లో 'ధర' అనే శీర్షిక కళ్లెదుటే ఉంటుంది. ప్రోగ్రామేమో 'కీఎర్రర్', అంటే ఆ పేరు లేదు, అంటుంది. ఫొటో చూస్తే ఎవరికీ అంతుపట్టదు. శీర్షికల జాబితాను ప్రింట్ చేసి ఆ వరసను సందేశంలో పెడితే గుట్టు బయటపడుతుంది: ఫైల్లో ఉన్నది 'ధర ', చివర ఒక ఖాళీ. స్ట్రిప్ చేస్తే, అంటే అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేస్తే, సరి. సందేశం ఇంత పద్ధతిగా రాస్తుంటే, పంపకముందే జవాబు తట్టడం మామూలే.

తర్వాత, తలూపడం మాన్పించినందుకు. మన బళ్లలో "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని గది మొత్తం అంటుంది. కాలేదంటే మాస్టారిని చిన్నబుచ్చినట్టు. మీరు ఆ ప్రశ్నే ఎత్తేశారు. "నేను చెప్పింది పక్కవాడికి చెప్పు, నేను వింటాను" అనేవారు. చెప్పేవాడు ఎక్కడ నీళ్లు నమిలితే అక్కడినుంచి మళ్లీ మొదలు. సోమవారం మీటింగులో ఊరికే తలూపినవాడు శుక్రవారానికి ఎవరూ అడగనిది చేసి తెస్తాడని మీరు చెప్పిన మాటకు అందరూ నవ్వారు గానీ, అందులో అతిశయోక్తి లేదు.

ఇక రైతుబజారు. కూరగాయల ధరల పట్టిక చేయమని చిన్న ప్రాజెక్టు ఇచ్చి, కీబోర్డు ముట్టుకోకముందే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు పొమ్మన్నారు. గదిలో కూర్చుని గీస్తే ఎవరైనా రెండే కాలమ్‌లు పెడతారు: పేరు, కిలో ధర. ఏఐ టూల్‌కు అలా చెబితే అలాగే రాసిస్తుంది, అదీ నిమిషంలో. బజారులో టమాటాలు, వంకాయలు కిలో లెక్కే. తోటకూర, గోంగూర కట్టలు. నిమ్మకాయలు, కొబ్బరికాయలు కాయల లెక్క. అరటిపళ్లు డజన్లు. తోటకూర కేజీ ఎంతని అడిగితే ఆకుకూరల ఆవిడ మొహం చూడాలి: "ఆకుకూర కేజీల్లెక్క ఏటి బాబూ? వాడిపోకుండా నీళ్లు జల్లుతాం. తూకమేస్తే నీళ్లకి కూడా డబ్బులిస్తావేటి?"

ఆ మాటతో పట్టిక మారింది. పేరు, ధర, కొలత, ఎన్నింటికి ఆ ధర అని నాలుగు కాలమ్‌లయ్యాయి. కట్టను కిలోల్లోకి మార్చే ఫంక్షన్ రాయకూడదనీ తేలిపోయింది. కట్ట సైజు రోజూ ఒకేలా ఉండదు, పైగా ఆ నీళ్లు. అమ్మా, మీకూ దండాలు.

అక్కడ ఎలా అడగాలో కూడా మీరే చెప్పి పంపారు. "యాప్ చేస్తే వాడతారా?" అంటే కుర్రాళ్ల మనసు నొప్పించడం ఎందుకని అవుననేస్తారు. "నిన్న సాయంత్రం మిగిలిన సరుకేం చేశారు?" అని జరిగిపోయినదాన్ని అడగాలి. జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి, మన ఇంగ్లిషులోకి మార్చకూడదు. మారిస్తే 'కట్ట' కాస్తా 'యూనిట్' అయిపోయి, నెల తర్వాత అదేమిటో రాసినవాడికే గుర్తుండదు.

కొలత సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మీరు తెచ్చిన ఉదాహరణ నాసావారి అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, 1999. ఇంజన్ల తోపును ఒక జట్టు ప్రోగ్రాం పౌండ్-సెకన్లలో (పాత బ్రిటిష్ కొలత) ఇచ్చింది, రెండో జట్టు ఆ అంకెలను న్యూటన్-సెకన్లు (మెట్రిక్ కొలత) అనుకుంది. తేడా దాదాపు 4.45 రెట్లు. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా దిగిపోయి నాశనమైంది. మెట్రిక్‌లోనే ఇవ్వాలని కాగితం మీద ఉంది. రెండు జట్లూ కూర్చుని సరిచూసుకోలేదు, అంతే. మనకు దగ్గర్లో ఇలాంటిదే ఇంకోటి: "పేరుకి 20 అక్షరాలు చాలు" అని ఎవరైనా అంటే ఏ అక్షరాలో అడగాలి. 'విశాఖ' మనకు మూడక్షరాలు. పొడవు లెక్కపెట్టే పైథాన్ లెన్ గుడినీ దీర్ఘాన్నీ విడిగా లెక్కేసి దాన్ని 5 అంటుంది. అక్షరాలను కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో అది 15 బైట్లు.

ఇద్దరికి ఒక కంప్యూటర్ ఇచ్చి, 25 నిమిషాలకోసారి కీబోర్డు చేతులు మార్పించారు. చూసేవాడు కీబోర్డు ముట్టుకోకూడదు. అవతలివాడు వరస పూర్తిచేసేదాకా తప్పు ఎత్తిచూపకూడదు. ఇది ఎక్కడ చెడుతుందంటే, చురుకైనవాడు "ఇలా ఇయ్యి" అని లాక్కుంటాడు, రెండోవాడు ఆ రోజుకిక నోరెత్తడు. అలారం పెట్టుకున్నది అందుకే.

కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి చూసేటప్పుడు, మాట వాడే తీరు వేరే పాఠం. "ఎందుకిలా రాశావ్?" అనేది తెలుగులో ప్రశ్నలా వినబడదు, చివాట్లలా వినబడుతుంది. "ఇక్కడ ఖాళీ లిస్టు వస్తే ఏమవుతుంది?" అంటే ఇద్దరూ కోడ్ వైపే చూస్తారు. ఒకేసారి రెండొందల వరసలు మించి రివ్యూకి పంపొద్దన్నారు. మించితే చదివేవాడు పైపైన చూసి 'బావుంది' అనేస్తాడు. కమిట్ మెసేజ్ (గిట్‌లో మార్పును దాచేటప్పుడు రాసే మాట) 'ఫైనల్ 2' కాకూడదు. మొదటి వరస 50 అక్షరాల్లోపు, ఒక ఖాళీ వరస, కింద ఎందుకు మార్చామో: "ఆకుకూరలకు కిలో ధర లేదు, కొలత కాలమ్ చేర్చాం." ఏం మార్చామో గిట్ ఎలాగూ చూపిస్తుంది, ఎందుకో రాసినవాడే చెప్పాలి.

మాస్టారూ, గది ఊడ్చి తాళం పక్కింటి మామ్మగారికిచ్చాం. బోర్డు మార్కర్లలో నల్లది అయిపోతే కొత్తది కొని పెట్టాం. పిన్నిగారి ఫ్లాస్కు మూత మాత్రం ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం.