పచ్చి పిండి లేని పచ్చి కుకీ డో

చి. సాహితికి, అమ్మ ఆశీస్సులు.

గుడ్డు వేయడం లేదు, పాల వెన్న వేయడం లేదు, ఇంక కుకీ డో, అంటే బిస్కెట్లు చేసే పిండి ముద్ద, కాల్చకుండా తింటే ఏమవుతుందని అడిగావు. గుడ్డు మానేస్తే గండం సగమే తప్పింది. మిగతా సగం మైదాలో ఉంది.

గోధుమ పొలంలో పండుతుంది. అక్కడ పిట్టలు వాలతాయి, పశువులు తిరుగుతాయి. కోసిన గింజను శుభ్రం చేసి మిల్లులో పిండి కొట్టి సంచుల్లో నింపుతారు. ఈ దారిలో క్రిములను చంపేంత వేడి ఎక్కడా తగలదు. తెల్లగా మెత్తగా ఉండేసరికి మైదా ఏదో తయారైన సరుకులా కనిపిస్తుంది కానీ అది పచ్చి గింజే. 2009లో నువ్వున్న అమెరికాలోనే ప్యాకెట్‌లో అమ్మే కుకీ డోను కాల్చకుండా తిని 30 రాష్ట్రాల్లో 70 మందికి పైగా ఇ.కోలై అనే క్రిమితో జబ్బుపడ్డారు. అప్పుడు అనుమానం పిండి మీదికి మళ్ళింది. 2016లో మళ్ళీ అలాగే జరిగినప్పుడు క్రిమి నేరుగా పిండిలోనే దొరికింది.

పిండిని మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పితేనో, ఓవెన్‌లో ట్రే మీద పరిచి వేడి చేస్తేనో చాలని చాలామంది చెబుతారు. నువ్వు ఆ పని పెట్టుకోవద్దు. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా వద్దనే చెబుతోంది. తడి ఉన్న పదార్థంలో క్రిమి త్వరగా చస్తుంది, పొడిగా ఉన్న దాంట్లో అదే వేడికి మొండికేసి నిలుస్తుంది. పైగా మైక్రోవేవ్ వేడి అంతటా సమంగా ఉండదు. గిన్నెలో ఒక చోట పిండి మాడుతుంటే ఇంకో చోట గోరువెచ్చగానే ఉంటుంది. థర్మామీటర్ గుచ్చిన చోట ఎంత చూపినా పక్కనున్న చెంచాడు పిండి సంగతి తెలియదు.

మన సున్నుండల పద్ధతి చూడు. మినుములు ముందు దోరగా వేయించి, ఆ తర్వాత పిండి పట్టిస్తాం. గింజ మీదే వేడి పని అయిపోతుంది. కుకీ డోకి కూడా అదే దారి పట్టాలి. పచ్చి పిండి తెచ్చి బాగుచేసే బదులు, ముందే వేడి తగిలిన గింజతో చేసిన పిండి వాడాలి.

అలాంటివి నీకు సులువుగా దొరికేవి మూడున్నాయి. ఒకటి రోల్డ్ ఓట్స్. వాటిని ఆవిరి పట్టి, ఆ మీద రోలర్ల మధ్య అణుస్తారు. ఆవిరి పట్టకపోతే ఓట్స్‌లో ఉన్న కొవ్వు త్వరగా చేదెక్కుతుంది కాబట్టి ఆ పని తప్పదు. రెండోది పొట్టు తీసిన బాదం పిండి. కాలిఫోర్నియా బాదంపప్పును 2007 సెప్టెంబరు నుంచి అక్కడ పాశ్చరైజ్ చేశాకే, అంటే క్రిములు చచ్చేలా శుద్ధి చేశాకే, దుకాణాలకు పంపుతున్నారు. మూడోది మన పుట్నాలు. వాటి సంగతి తర్వాత చెబుతాను. శనగపిండి మాత్రం పొరపాటున కూడా వద్దు. అది మైదా లాగే పచ్చిది, దానికి తోడు పచ్చి పప్పు వాసన, ఎంత వెనిలా పోసినా అణగదు.

ఇక కొలతలు. ఇవి ఒక మనిషికి. ఓట్స్ పిండి 25 గ్రాములు, అంటే పైన గీసి కొలిచిన 4 టేబుల్ స్పూన్లు. బాదం పిండి 12 గ్రాములు, 2 టేబుల్ స్పూన్లు. వీగన్ బటర్, అంటే పాలు లేకుండా చేసిన వెన్న, 14 గ్రాములు, 1 టేబుల్ స్పూన్. బ్రౌన్ షుగర్ నొక్కి కొలిచి 1 టేబుల్ స్పూన్, 13 గ్రాములు వస్తుంది. మామూలు పంచదార 1 టీ స్పూన్. ఓట్ పాలో సోయా పాలో 1 టీ స్పూన్, అవసరమైతే ఇంకో అర. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ పావు టీ స్పూన్. ఉప్పు చిటికెడు, బటర్‌లో ముందే ఉప్పుంటే అందులో సగం. చాక్లెట్ చిప్స్ 1 టేబుల్ స్పూన్, 15 గ్రాములు. అంతా కలిపితే 90 గ్రాములకు కాస్త అటూ ఇటూ. చూడటానికి కొంచెమే అనిపిస్తుంది కానీ 400 కేలరీల దాకా ఉంటుంది. అందుకే ఒక్కరికి ఇంతే రాశాను.

స్పూన్లు కొలత స్పూన్లే వాడు. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీ స్పూన్ 5. అన్నం తినే చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. పెద్ద వంటకంలో ఆ తేడా కలిసిపోతుంది. 90 గ్రాముల ముద్దలో టీ స్పూన్ పాలు ఎక్కువైతే అది ముద్ద కాదు, జావ. చిన్న తూకం మిషన్ ఉంటే ఇంకా హాయి.

ఓట్స్ పిండి కొనక్కర్లేదు. కానీ 4 స్పూన్ల ఓట్స్ మిక్సీలో వేస్తే బ్లేడుకు అందవు, చుట్టూ అతుక్కుని కూర్చుంటాయి. ఒక కప్పు ఓట్స్ ఒకేసారి పట్టి, జల్లించి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో. జార్‌లో చుక్క తడి ఉండకూడదు. జల్లెడలో మిగిలిన రవ్వ మళ్ళీ పట్టు, లేదా పొద్దున జావలో వేసెయ్. ఆ రవ్వ డోలో పడితే పంటికింద పొట్టులా తగులుతుంది.

బటర్ మెత్తగా ఉండాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు. అదే సరైన పదును. తొందరపడి మైక్రోవేవ్‌లో కరిగించావో, నూనె పిండిని పట్టుకోకుండా గిన్నె అంచున జిడ్డు వలయంలా తేలుతుంది. ఆ మీద ఎంత పిండి కలిపినా జిడ్డు జిడ్డుగానే ఉంటుంది. బటర్ కొనేటప్పుడు కడ్డీలా వచ్చేది తీసుకో. డబ్బాలో వచ్చే రకం రొట్టె మీద రాసుకోవడానికి చేసింది, అందులో నీళ్ళ శాతం ఎక్కువ. అదే ఇంట్లో ఉంటే పాలు మొదట వేయకు, చివర్లో చూసుకుని వేయి.

బటర్ బదులు కొబ్బరి నూనె వాడొచ్చు, 1 టేబుల్ స్పూన్‌కు కాస్త తక్కువ, ఎందుకంటే అది పూర్తిగా కొవ్వే. చలికాలంలో మనింట్లో సీసాలో గడ్డకట్టేది అదే కదా. సుమారు 24 డిగ్రీల దగ్గర దాని రూపం మారుతుంది. నీ గది వెచ్చగా ఉంటే డో జారుతుంది, ఫ్రిజ్‌లో పెడితే రాయవుతుంది. వాసన రానిది కావాలంటే రిఫైన్డ్ అని ఉన్నది చూడు.

కలిపే వరుస ముఖ్యం. చిన్న గిన్నెలో ముందు బటర్, రెండు పంచదారలు, ఉప్పు వేసి చెంచా వెనుక భాగంతో ఒక నిమిషం పాటు గిన్నెకేసి రుద్దు. రంగు కాస్త తేలిక పడుతుంది. పంచదార కొవ్వులో కరగదు, నీటిలోనే కరుగుతుంది. కాబట్టి ఇక్కడ గరగర పోవాలని చూడకు. కుకీ డోకి ఆ పిసరంత గరగర ఉండాలి కూడా. ఇప్పుడు పాలు, వెనిలా వేసి కలుపు. వెనిలా పావు టీ స్పూన్ దాటకు. అందులో ఆల్కహాల్ ఉంటుంది, కాల్చే కుకీలో ఎగిరిపోతుంది, ఇక్కడ ఎక్కడికీ పోదు, నాలుక మీద ఘాటుగా చురుక్కుమంటుంది.

ఆ తర్వాత రెండు పిండ్లు వేసి, పొడి కనిపించనంత వరకే కలుపు. చెంచాతో ఇరవై తిప్పులు చాలు. ఓట్స్ పిండిని ఎక్కువ మర్దిస్తే జిగురు వస్తుంది, అంబలి చల్లారినప్పుడు సాగినట్టు సాగుతుంది. ఆ జిగురు ఒకసారి వచ్చాక పోదు. మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్. ఇది చాలామంది దాటేసే మెట్టు. కలపగానే డో పలచగా అనిపించి ఇంకాస్త పిండి వేస్తారు, ఓట్స్ మెల్లగా తడి పీల్చుకున్నాక అది ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది. పది నిమిషాల తర్వాత బొటనవేలితో నొక్కి చూడు. అచ్చు నిలవాలి, అంచులు పగలకూడదు. పగిలితే పాలు అర టీ స్పూన్ వేయి, అంతకు మించి ఒకేసారి వద్దు.

చాక్లెట్ చిప్స్ ఆఖరున. డో వెచ్చగా ఉండగా వేస్తే అవి చారలు చారలుగా కరిగి మొత్తం మురికి రంగు తిరుగుతుంది. చిన్న సైజు చిప్స్ మేలు, లేదా డార్క్ చాక్లెట్ బిళ్ళను కత్తితో తరుగు. పెద్ద చిప్స్ చల్లగా ఉన్నప్పుడు రాళ్ళలా తగులుతాయి, రుచి విప్పుకునేలోపే డో మింగేస్తాం.

బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ వేయకు. కాల్చనప్పుడు వాటికి పని లేదు, సబ్బు నాకినట్టు ఉంటుంది. దీన్నే ఓవెన్‌లో పెట్టి కుకీలు చేద్దామనీ అనుకోకు. మైదా పట్టు లేదు, పొంగించేది లేదు, తీసేటప్పటికి విరిగి ముక్కలవుతుంది.

పుట్నాల సంగతి. అక్కడి ఇండియన్ స్టోర్‌లో దాలియా అని రాసి అమ్ముతారు. శనగలను వేడి ఇసుకలో వేయించి పొట్టు తీసినవి. ప్యాకెట్ విప్పగానే వాసన చూడు, ముక్కిన వాసన వస్తే ఆ ప్యాకెట్ చట్నీకి కూడా పనికిరాదు. మెత్తగా పట్టి, సన్న జల్లెడ పట్టు. ఓట్స్, బాదం రెండింటి బదులూ ఈ పొడి 30 గ్రాములు, అంటే 4 టేబుల్ స్పూన్లు వేయి. పాలు 2 టీ స్పూన్లతో మొదలుపెట్టు, నానడానికి పదిహేను నిమిషాలు ఇవ్వు. బటర్ బదులు పీనట్ బటర్ 1 టేబుల్ స్పూన్, కొబ్బరి నూనె 1 టీ స్పూన్ వేస్తే పప్పు వాసన వేరుశనగ కిందికి పోతుంది. కొవ్వు తగ్గిస్తే అంగిట్లో అతుక్కుపోతుంది, గ్లాసుడు నీళ్ళు తాగితే గానీ దిగదు. నా లెక్కలో ఇది రుచిగానే ఉంటుంది కానీ కుకీ కంటే లడ్డూకి దగ్గర చుట్టం. బేకరీ వాసనే కావాలంటే ఓట్స్, బాదం జోడీకే వెళ్ళు.

డబ్బాలో ఉడికించిన శనగలతోనూ చేస్తారు. పొట్టు ఒక్కొక్కటే తీయాలి, తీయకపోతే నలకలు. ఒక్కరి కొలతకు మిక్సీలో తిరగదు. ఆ శ్రమకు వచ్చే రుచి తక్కువని నా అభిప్రాయం.

తీపి ఎంతో తేల్చుకునే ముందు ఎలా తింటావో చూసుకో. ఫ్రిజ్‌లోంచి తీసి తింటే తీపి తగ్గినట్టు తోస్తుంది. గది వేడిలో అదే డో ఎక్కువ తీపిగా ఉంటుంది. నేను రాసిన కొలత అరగంట ఫ్రిజ్‌లో ఉంచి తినేదానికి. అప్పటికప్పుడు తినాలంటే ఆ టీ స్పూన్ పంచదార మానెయ్. పంచదార బదులు బెల్లం పొడి వేస్తే దాని చెమ్మ దానికుంటుంది, పాలు సగానికి తగ్గించు. గడ్డ బెల్లం తురిమితే ఉండలు మిగులుతాయి.

వీగన్ కాబట్టి ప్యాకెట్ల వెనుక చదవడం నీకు అలవాటే. రెండు చోట్ల మాత్రం కన్ను జారుతుంది. ఒకటి, సెమీ స్వీట్ అని రాసిన చాక్లెట్ చిప్స్‌లో కొన్నిట్లో పాల కొవ్వు ఉంటుంది, నల్లగా ఉంది కదా అని తీసేసుకోవద్దు. రెండు, అక్కడ చెరకు పంచదారను తెల్లబరచడానికి కొన్ని కర్మాగారాల్లో పశువుల ఎముకల బొగ్గు వాడతారు. బ్రౌన్ షుగర్ కూడా చాలామట్టుకు ఆ తెల్ల పంచదారకు మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలిపినదే. ఆర్గానిక్ ముద్ర ఉన్నదో, బీట్ దుంప పంచదారో కొంటే ఆ బెడద ఉండదు.

మిగిలితే మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు. ఆపైన ఓట్స్ మెత్తబడి రుచి చప్పబడుతుంది. గోళీలంత ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి, తీసి అయిదు నిమిషాలు ఆగి తినొచ్చు.

గదిలో నీతో ఉండే అమ్మాయికి పెట్టే ముందు నట్స్ పడతాయో లేదో అడుగు. పడకపోతే బాదం పిండి మానేసి ఓట్స్ పిండే 35 గ్రాములు వేయి, పాలు అర టీ స్పూన్ పెంచు. చిప్స్ ప్యాకెట్ మీద, వీగన్ బటర్ మీద ట్రీ నట్స్ హెచ్చరిక ఉందేమో చూడు, కొన్ని వీగన్ బటర్లు జీడిపప్పుతో చేస్తారు. బాదం కలిపిన గిన్నె, చెంచా, జల్లెడ సబ్బుతో కడిగి ఆరబెట్టాకే ఆ అమ్మాయిది కలుపు.

మీ అమ్మ