డొమైన్ వివరాలు: నా వల్ల జరిగిన తప్పు, ఇప్పుడు మారుస్తున్నవి

అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర మా ఆఫీసులో వెబ్‌సైట్ చేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాలి. కొంచెం పొడుగైంది, అయినా మొత్తం చదవండి, మీరు చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది.

పోయిన నెల కొత్తవాడ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఇంట్లో నుంచే దర్రీలు అమ్ముతుంది, డాట్ కామ్ పేరు, అంటే సైట్ డొమైన్, నేనే తీసిచ్చాను. "తమ్మీ, నా నంబర్ ఎవరికిచ్చినవ్? పొద్దున లేస్తే లోగో చేస్తం, గూగుల్‌ల పైకి తెస్తం అని ఒకటే ఫోన్లు" అంది. మరుసటి రోజు ఒక కవర్ పట్టుకుని ఆఫీసుకే వచ్చింది. లోపల బిల్లులా కనపడే కాగితం, మీ డొమైన్ గడువు అయిపోతోంది, వెంటనే 8,000 కట్టండి అని. ఏటా వెయ్యికి అటూ ఇటూగా అయ్యే పేరు అది. కవర్ మీద ఇంటి నంబర్, గల్లీ పేరుతో సహా వాళ్లింటి అడ్రస్. ఆమె భయపడింది బిల్లుకు కాదు, ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గర తన ఇంటి అడ్రస్ ఉన్నందుకు.

తప్పు నాదే. సైట్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే వాళ్లు డొమైన్ ఆమె పేరు మీదే ఉందని చూపించమంటే, వివరాలు అందరికీ కనపడేలా డొమైన్ సెట్టింగుల్లో ఒక్క రోజు కోసం ఆన్ చేశాను. మళ్లీ ఆఫ్ చేయడం మర్చిపోయాను, నాలుగు నెలలు అట్లాగే ఉంది. ఇప్పుడు ఆపేశాను కానీ ఈలోపు కాపీ చేసుకున్న వాళ్ల దగ్గర నుంచి దాన్ని వెనక్కి తేలేను. ఆమెకు ఎదురుగా కూర్చుని ఇదే చెప్పాను, మీకూ చెప్తున్నాను.

అసలు ఇది ఎట్లా పనిచేస్తుందంటే, డొమైన్ తీసుకున్నవాళ్ల పేరు, అడ్రస్, ఫోన్ చూపించే హూఈజ్ అనే పద్ధతి 1982 నాటిది. అప్పట్లో నెట్‌వర్క్ వాడేవాళ్లే కొద్దిమంది, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి పెట్టుకున్న డైరెక్టరీ లాంటిది. తర్వాత లోకమంతా నెట్‌లోకి వచ్చినా ఆ డైరెక్టరీ మాత్రం అట్లాగే తెరిచి ఉంది. 2018 మే 25న యూరప్‌లో వ్యక్తిగత వివరాలను కాపాడే జీడీపీఆర్ చట్టం అమల్లోకి రావడంతో, డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధనలు మార్చింది, డొమైన్లు అమ్మే కంపెనీలు, అంటే రిజిస్ట్రార్లు, చాలావరకు వ్యక్తిగత వివరాలు మూసేశాయి. 2025 జనవరి నుంచి డాట్ కామ్ లాంటి పేర్లకు హూఈజ్ స్థానంలో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది.

అయితే అన్నీ మూసేస్తే అయిపోతుందా అంటే, నాకు అట్లా అనిపించదు. ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాలు అమ్మే అన్న ఒకాయన మన కస్టమరే. విత్తే సీజన్ ముందు ఆయన పేరులో ఒక్క అక్షరం మార్చి ఎవరో దొంగ సైట్ పెట్టి రైతుల దగ్గర అడ్వాన్సులు లాగారు. ఎవరిదో చూద్దామంటే అన్ని గడుల్లోనూ దాచారని తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఇవన్నీ తెరిచి పెట్టాల్సిందే అనుకున్నాను. కానీ తెరిచి ఉన్న రోజుల్లో కూడా మోసగాడు తన అసలు అడ్రస్ రాయలేదు, నిజం రాసింది మన అక్కలాంటి వాళ్లే.

దాచిన వివరాలు రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి, పోలీసులు అడగొచ్చు. 2023 నవంబర్ నుంచి ఐకాన్ పెట్టిన ఒక ఉచిత పోర్టల్ ద్వారా లాయర్లు, ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లు కూడా కారణం చూపించి అడగొచ్చు, కాకపోతే ఇవ్వాలా వద్దా అనేది రిజిస్ట్రార్ చేతిలో ఉంటుంది. మాకు పనికొచ్చింది మాత్రం ఫిర్యాదుల కోసం రిజిస్ట్రార్ ఇచ్చే మెయిల్ అడ్రస్. దొంగ సైట్‌తో మోసం చేసే ఫిషింగ్ లాంటి వాటిపై సరైన ఆధారం ఇస్తే చర్య తీసుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి వాళ్ల ఒప్పందంలోనే ఉంది. స్క్రీన్‌షాట్లు, డబ్బు వేసిన రైతుల రసీదులు పంపాం, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాం. నాలుగో రోజు సైట్ పోయింది. రైతుల డబ్బు మాత్రం ఇంకా రాలేదు, అది నన్ను ఇప్పటికీ బాధ పెడుతోంది.

అందుకే ఇంటి నుంచి అమ్మేవాళ్ల వివరాలు డొమైన్ రికార్డులో దాచే ఉంచుతాను. కానీ కొనేవాళ్లకు మనిషి దొరకాలి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు సైట్‌లో పేరు, అడ్రస్, ఫోన్ చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా చెప్తున్నాయి. కొత్తవాడ అక్కకు వాళ్ల చెల్లె షాపు అడ్రస్, వేరే సిమ్ నంబర్ పెట్టాం. బోర్డు పెట్టి నడిపే షాపులకు దాచాల్సిన పని లేదు, డొమైన్ రికార్డులో సంస్థ పేరు కనపడనిద్దాం. "తప్పుడు అడ్రస్ రాస్తే అయిపోదా అన్నా" అని కొందరు అడిగారు. వద్దు, తప్పుడు వివరాలు ఇస్తే పేరే పోవచ్చు. డాట్ ఇన్ పేర్లకైతే వేరేవాళ్ల పేరుతో దాచే ప్రాక్సీ సేవలకు అనుమతి లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదట్లో పని తొందరగా అవుతుందని కొందరి డొమైన్లు నా పేరు, నా మెయిల్ మీదే తీశాను. రేపు నాకేదన్నా అయితే మీ పేరు మీ చేతికి రావడానికి మీరు ఎంత తిరగాలో తల్చుకుంటేనే టెన్షన్ వస్తుంది. వాటన్నిటినీ ఈ నెలలో మీ పేరు మీదికి మారుస్తున్నాను, డబ్బులేమీ తీసుకోను. మార్చాక మీకు రిజిస్ట్రార్ నుంచి మెయిల్ వస్తుంది, 15 రోజుల్లో అందులో ఓకే చేయకపోతే సైట్ ఆగిపోతుంది. మెయిల్ వచ్చే ముందు ఆఫీసు నంబర్ నుంచి నేనే ఫోన్ చేస్తాను, అట్లా చెప్పకుండా వచ్చిన ఏ మెయిల్‌నూ నొక్కకండి, ఏ బిల్లూ కట్టకండి. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోవాలంటే ఆఫీసుకు రండి, స్క్రీన్ మీ వైపు తిప్పి చూపిస్తాను.