మోటార్ హోమ్‌ను కడిగే పద్ధతి గురించి నాన్నగారికి

గ్రాండ్ రాపిడ్స్, మిషిగన్
ఏప్రిల్ నెల

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మన లారీని వాటర్ సర్వీసింగ్‌లో కడిగించినట్టే, మా ఇల్లులాంటి ప్రయాణ బండి అయిన మోటార్ హోమ్‌ను కూడా ప్రెషర్‌తో కొట్టేస్తే సరిపోదా అని మొన్న ఫోనులో అడిగారు. చక్రాలకు, బండి అడుగుభాగానికి సరిపోతుంది. గోడలకు మాత్రం అంత బలంగా కొట్టకూడదు, పైకప్పుకైతే అసలే పనికిరాదు.

లారీ తొట్టి ఇనుముతో, చెక్కతో చేసినది కనుక ధార ఎంత బలంగా తగిలినా మహా అయితే రంగు పోతుంది. మా బండి గోడ పలుచని ఫైబర్‌గ్లాస్, దాని వెనుక పలుచని ప్లైవుడ్, ఆ వెనుక థర్మోకోల్ వంటి పలక జిగురుతో అతికించి చేసినది. కిటికీ అంచునో, దీపం చుట్టూనో సందులు మూసే సీలెంట్ కాస్త లేచిన చోట ధార తగిలిందంటే నీరు లోపలికి చేరి, ప్లైవుడ్ నాని, జిగురు వదిలి, గోడ పొక్కులా ఉబ్బుతుంది. ఆ మరమ్మతుకు అయ్యే ఖర్చు మామూలుగా ఉండదు.

ఇంటి కుళాయిలో నీటి ఒత్తిడి 40 నుంచి 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంటే, ఇళ్లలో వాడే చిన్న కరెంటు ప్రెషర్ వాషర్‌లోనే అది 1500 దాటుతుంది. దానికి ధార బయటికి వచ్చే రంగురంగుల మూతులు, అంటే నాజిల్స్ ఉంటాయి. డిగ్రీలు పెరిగేకొద్దీ ధార వెడల్పుగా విచ్చుకుంటుంది. ఎర్రది 0 డిగ్రీలది. దాని ధార సన్నని గీతలా వచ్చి రంగును, స్టిక్కర్లను చీల్చేస్తుంది కనుక దాన్ని పెట్టెలోంచి తీయను. గోడలకు 40 డిగ్రీల తెల్లదే బిగించి, రెండు అడుగులకు తగ్గకుండా దూరం నిలబడి, పైనుంచి కిందికి వాలుగా కొడతాను. కిటికీలు, గాలి జాలీలు పైనుంచి పడే వానను తట్టుకునేలా చేసినవే గాని, కింది నుంచి ఎగదన్నే నీటిని ఆపలేవు. ఫ్రిజ్ వెనుక జాలీలోకి, హీటర్ పొగగొట్టంలోకి అసలే కొట్టకూడదు. లోపల బర్నర్లు, తీగలు ఉంటాయి.

నిజానికి మురికిని వదిలించేది సబ్బునీరు, పొడవాటి కర్రకు తగిలించిన మెత్తని బ్రష్షే. సబ్బును మాత్రం కింది నుంచి పైకి రాయాలి. పైనుంచి మొదలుపెడితే అది పొడి మురికి మీదుగా కారి చారలు మిగులుతాయి. ముందుభాగానికి అంటుకుని ఎండిన పురుగుల మీద తడి తువ్వాలు కాసేపు కప్పి ఉంచితే గోకనక్కరలేకుండా వచ్చేస్తాయి.

పైకప్పు రబ్బరుది. కారే మురికి గోడల మీదికే వస్తుంది కనుక ముందుగా దాన్నే, మోకాళ్ల మీద కూర్చుని, బకెట్ నీళ్లతో, చేత్తో కడుగుతాను. పెట్రోలియం కలిసిన క్లీనర్లు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కు పట్టి తుప్పు తెస్తుంది. అందుకే అడుగుభాగాన్ని 25 డిగ్రీల ఆకుపచ్చ నాజిల్‌తో, మూలమూలలా, తెల్లని చారిక పోయేదాకా కడుగుతాను. ఆ భాగానికి మాత్రం ప్రెషర్‌తో కొట్టమన్న మీ మాటే నాకు ఆధారం.

జూన్‌లో మీరు వచ్చాక, లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు వైపు బయలుదేరే ముందు, పైకప్పు మీది సీలెంట్ మనిద్దరం కలిసి పరిశీలిద్దాం. ఎక్కడైనా పగులు కనిపిస్తే పూయడానికి కొత్త సీలెంట్ కొని ఉంచాను.

అమ్మకు నా నమస్కారాలు తెలియజేయగలరు.

ఇట్లు,
మీ కుమారుడు